దేశం దాటిన మనిషి, ఊళ్లో మిగిలిన సంతకం

ప్రామిసరీ నోటు మీద తీసుకున్న అప్పుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని తెలుగు పల్లెల్లో అందరికీ తెలుసు. అందుకే అప్పిచ్చినవాళ్లు గడువు ముగిసేలోగా నోటు వెనక ఎంతో కొంత చెల్లు వేయించుకుంటారు, లేదంటే నోటు తిరగరాయించుకుంటారు. గల్ఫ్‌కో అమెరికాకో వెళ్లినవాళ్లలో కొందరు దీన్నే తమకు అనుకూలంగా లెక్కేసుకుంటారు. మూడేళ్లు కళ్లకు కనబడకుండా ఉంటే నోటు చిత్తుకాగితం అయిపోతుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం తప్పు. 1963 నాటి కాలపరిమితి చట్టంలోని 15వ సెక్షన్, 5వ ఉపసెక్షన్ దీన్ని సూటిగా తేల్చేసింది. దావా గడువు లెక్కపెట్టేటప్పుడు ప్రతివాది భారతదేశంలో లేని కాలాన్ని పక్కన పెట్టాలి. 2019 జనవరిలో నోటు రాసి, ఆ జూన్‌లో మస్కట్ వెళ్లి, మధ్యలో రాకుండా 2025 జూన్‌లో తిరిగొచ్చిన మనిషి మీద దావా వేయడానికి అప్పిచ్చినవాడికి ఆ తిరిగొచ్చిన రోజు నుంచి ఇంకా రెండున్నరేళ్ల గడువు ఉంటుంది. బాకీదారు సెలవు మీద ఊరికి వచ్చి ఉన్న రోజులే లెక్కలోకి వస్తాయి, సముద్రం అవతల గడిపినవి రావు.

ఈ ఒక్క నిబంధన చాలు, అసలు సంగతి అర్థం కావడానికి. పరాయి దేశం వెళ్లిపోవడం వల్ల అప్పు రద్దు కాదు, తగ్గదు, చాలాసార్లు పాతబడనైనా పాతబడదు. మనిషితో పాటు అది ప్రయాణం కూడా చేయదు. పుట్టిన చోటనే ఉండిపోయి, చేతికందిన వాళ్ల మీద పడుతుంది. పూచీ పడ్డ తండ్రి, తనఖాలో ఉన్న ఇల్లు, ఉమ్మడి పొలంలో వాటా, డ్వాక్రా సంఘంలో భార్య పేరు మీద తీసుకున్న రుణం, ఇవీ ఆ చేతికందేవి. అందుకే దేశం మారేవాళ్ల అప్పు గురించి అడగాల్సిన మొదటి ప్రశ్న 'నన్ను పట్టుకుంటారా' అన్నది కాదు. నా బదులు ఎవరిని అడుగుతారు అన్నది.

గల్ఫ్ వలసల్లో ఈ బరువు ఎవరి మీద పడుతుందో కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాల్లోనూ, ఆడవాళ్లు ఇంటిపనికి కువైట్ వెళ్లే కడప, గోదావరి జిల్లాల్లోనూ విడమరిచి చెప్పక్కర్లేదు. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు కార్మికుడి నుంచి తీసుకోదగిన సర్వీస్ చార్జీకి కేంద్రం పెట్టిన పరిమితి 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. చేతులు మారే సొమ్ము లక్ష దాటడం మాత్రం మామూలు సంగతి. ఆ సొమ్ము బ్యాంకు నుంచి రాదు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి ఊళ్లోనే పుడుతుంది. లక్షన్నరకు మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు 4,500, ఏడాదికి 54,000. అక్కడ నెలకు వెయ్యి దిర్హాములు, అంటే ఇరవై వేల పైచిలుకు రూపాయలు సంపాదించే హెల్పర్ తన తిండి ఖర్చు పోను పంపేదాంట్లో మొదటి ముక్క వడ్డీకే పోతుంది. కంపెనీ రెండు నెలలు జీతం ఆపితే వడ్డీ కట్టాల్సింది ఇంటి దగ్గరి మనిషి. వడ్డీవ్యాపారి దుబాయ్‌కి ఫోన్ చేయడు. గుమ్మం ముందుకొచ్చి కూర్చుంటాడు.

కార్మికుడు అక్కడ చనిపోతే పరిస్థితి ఇంకా ఘోరం. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షలు వస్తాయి గానీ, అది ప్రమాదంలో పోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా మాత్రమే. గుండెపోటుతో పోతే ఆ పది లక్షలూ రావు. చట్టం ప్రకారం వారసులు బాకీ తీర్చాల్సింది చనిపోయిన మనిషి వదిలివెళ్లిన ఆస్తి మేరకే, సొంత సంపాదన లోంచి కాదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మవిధి అన్న పాత హిందూ న్యాయసూత్రం కూడా 2005 సవరణతో, ఆ తర్వాత చేసిన అప్పుల విషయంలో, పోయింది. ఇది తెలియక, పూచీ పడని విధవరాళ్లు కూడా నోట్లు తమ పేరున తిరగరాసి ఇస్తున్నారు. కొత్త నోటు మీద సంతకం పెట్టిన క్షణం నుంచి అది నిజంగానే ఆమె అప్పు అవుతుంది. పెద్దమనుషుల సమక్షంలో జరుగుతుంది కాబట్టి దీన్ని ఎవరూ అన్యాయం అనుకోరు. కానీ ఇది అన్యాయమే.

చదువు అప్పు, తండ్రి ఇల్లు

అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా చదువుల అప్పు పైకి వేరేగా కనబడుతుంది. లోపల నిర్మాణం ఇదే. బ్యాంకుల సంఘం నమూనా పథకంలో 4 లక్షల వరకు హామీ అక్కర్లేదు. ఏడున్నర లక్షల వరకు మూడో మనిషి పూచీ ఉంటే చాలు. అంతకు మించితే ఆస్తి తనఖా అడుగుతారు. తల్లో తండ్రో సహ రుణగ్రహీతగా సంతకం పెట్టడం ఎలాగూ తప్పదు. 'నేను పూచీ మాత్రమే ఇచ్చాను, అప్పు మా అబ్బాయిది' అని చాలామంది తండ్రులు అనుకుంటారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 128వ సెక్షన్ ప్రకారం పూచీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సరిసమానం. ముందు కొడుకు వెంటపడి, అక్కడ రాకపోతేనే తండ్రి దగ్గరికి రావాలన్న నియమం బ్యాంకుకు లేదని సుప్రీంకోర్టు 1960ల్లోనే తేల్చింది. కొడుకు డాలస్‌లో ఉండి, తండ్రి గుంటూరులో ఉంటే బ్యాంకు ఎవరి దగ్గరికి వెళ్తుందో వేరే చెప్పాలా?

అంకెల్లో చూస్తే బరువు తెలుస్తుంది. 40 లక్షల అప్పు పదిన్నర శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం, డబ్బు మొత్తం మొదట్లోనే విడుదలైందనుకుందాం. రెండేళ్ల చదువు, ఆ తర్వాత ఏడాది వెసులుబాటు. ఈ మూడేళ్లూ కిస్తీ కట్టకపోతే సాధారణ వడ్డీయే 12 లక్షల 60 వేలు చేరుతుంది. అప్పుడు 15 ఏళ్ల కిస్తీ నెలకు సుమారు 58,000 రూపాయలు. డాలర్లలో జీతం వస్తే ఇది పెద్ద మొత్తం కాదు. అందుకే ఉద్యోగం దొరికినవాళ్లు గడువుకు ముందే తీర్చేస్తారు. దొరకనివాళ్లకు మాత్రం గడువులన్నీ ఒకదానిమీద ఒకటి వచ్చి పడతాయి. చదువు తర్వాతి పని అనుమతి ఓపీటీలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. హెచ్-1బీ లాటరీలో పేరు రావడం ఎవరి చేతిలోనూ లేదు. తిరిగొచ్చి హైదరాబాద్‌లో నెలకు నలభై, యాభై వేల ఉద్యోగంలో చేరితే జీతం కిస్తీకే చాలదు.

కిస్తీ 90 రోజులు దాటి ఆగితే ఖాతా నిరర్థకం (మొండిబాకీ, ఎన్‌పీఏ) అవుతుంది. తనఖా ఉన్నచోట 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాత ఇల్లు స్వాధీనం చేసుకునే చర్య మొదలుపెట్టవచ్చు. దానిమీద హైదరాబాద్‌లోనో విశాఖపట్నంలోనో ఉన్న రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కు 45 రోజుల్లోగా వెళ్లాలి. నోటీసు వచ్చేది ఊళ్లోని చిరునామాకు. పిల్లవాడు కంగారు పడతాడని తల్లిదండ్రులు ఆ కాగితాన్ని బీరువాలో దాచేస్తారు. అక్కడ ఉద్యోగం పోయిందని ఇక్కడ బాధపడతారని పిల్లవాడు చెప్పడు. రెండువైపులా ప్రేమతోనే దాస్తారు, మధ్యలో అరవై రోజులు, నలభై అయిదు రోజులు కరిగిపోతాయి. ఈ మౌనం వల్ల జరిగే నష్టం వడ్డీ వల్ల జరిగే నష్టం కంటే తక్కువేం కాదు. సర్ఫేసీ వ్యవసాయ భూమికి వర్తించదు. బ్యాంకులు పొలం కాకుండా ఇంటినో, పట్నంలో ప్లాటునో తనఖా కోరడం వెనక ఈ లెక్క ఉంటుంది.

ఇక్కడి బ్యాంకు అమెరికాలో ఉన్న కొడుకు జీతం మీదికి వెళ్లలేదా అంటే, వెళ్లొచ్చు. అక్కడి చాలా రాష్ట్రాల్లో పరాయి దేశపు డబ్బు తీర్పులను గుర్తించే చట్టం ఉంది. అందుకు అక్కడ లాయరును పెట్టి, డాలర్లలో ఫీజు కట్టి, కేసు నడపాలి. ఇక్కడ చేతికందే ఇల్లు ఉండగా ఆ శ్రమ పడాల్సిన అవసరం బ్యాంకుకు సాధారణంగా రాదు.

దుబాయ్ బ్యాంకు జిల్లా కోర్టుకు వస్తే

ఇక అటునుంచి ఇటు. గల్ఫ్‌లో బ్యాంకు అప్పు తీసుకుని, ఉద్యోగం పోయి, తీర్చకుండా ఇంటికి చేరినవాళ్ల సంగతి. యూఏఈ కేంద్ర బ్యాంకు 2011 నిబంధనల ప్రకారం వ్యక్తిగత రుణం నెల జీతానికి 20 రెట్ల వరకు ఇవ్వొచ్చు, 48 నెలల్లో తీర్చాలి, కిస్తీలు జీతంలో సగం దాటకూడదు. పరిమితి అని పేరే గానీ, ఉద్యోగం పోతే వీసా కూడా పోయే దేశంలో ఇరవై నెలల జీతం అప్పుగా చేతిలో పెట్టడం మామూలు విషయం కాదు. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత దుబాయ్ విమానాశ్రయంలో కార్లు వదిలేసి విమానం ఎక్కినవాళ్ల కథలు ప్రపంచమంతా చదివింది. అప్పట్లో భయానికి పెద్ద కారణం చెక్కు. అప్పుతో పాటు హామీగా ఇచ్చిన చెక్కు బౌన్స్ అయితే జైలే. 2022 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగిరావడం అక్కడ నేరం కాకుండా పోయింది. మోసపూరితంగా ఇచ్చిన చెక్కులు మాత్రం ఇప్పటికీ నేరమే. తిరిగొచ్చిన చెక్కునే ఆధారం చేసుకుని నేరుగా వసూలు కోర్టుకు వెళ్లే వీలు బ్యాంకుకు వచ్చింది. 10,000 దిర్హాములు దాటిన బాకీకి ప్రయాణ నిషేధం కోరవచ్చు.

తెలుగు కుటుంబాలు సరిగా గమనించని మార్పు మాత్రం అక్కడ జరగలేదు, ఢిల్లీలో జరిగింది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 44ఏ అనే సెక్షన్ ఉంది. భారత ప్రభుత్వం నోటిఫై చేసిన దేశాల పైకోర్టుల డబ్బు డిక్రీని, అంటే ఇంత సొమ్ము కట్టాలన్న తీర్పును, ఇక్కడి జిల్లా కోర్టు తానే ఇచ్చిన డిక్రీలాగా అమలు చేయొచ్చని అది చెబుతుంది. బ్రిటన్, సింగపూర్, మలేసియా, హాంకాంగ్, న్యూజీలాండ్ ఎప్పటినుంచో ఆ జాబితాలో ఉన్నాయి. యూఏఈతో 1999లోనే ఒప్పందం కుదిరినా, నోటిఫికేషన్ వచ్చింది 2020 జనవరి 17న. దుబాయ్ కోర్టులు, అబూధాబీ న్యాయశాఖ కోర్టులు, ఫెడరల్ కోర్టులు అందులోకి వచ్చాయి. అంతకు ముందు దుబాయ్ డిక్రీ పట్టుకుని ఇక్కడికి వచ్చిన బ్యాంకు మళ్లీ మొదటినుంచి దావా వేయాల్సి వచ్చేది. ఇప్పుడు డిక్రీ సర్టిఫైడ్ కాపీతో, ఎంత వసూలైందో చెప్పే ధ్రువపత్రంతో నేరుగా జిల్లా కోర్టులో ఈపీ (డిక్రీ అమలు చేయమని కోరే ఎగ్జిక్యూషన్ పిటిషన్) వేయొచ్చు. ఇండియా వెళ్లిపోతే దుబాయ్ బ్యాంకు ఏమీ చేయలేదన్న మాట 2020కి ముందు ఆచరణలో చాలావరకు నిజం. ఇప్పుడు కాదు.

అయితే ఈపీ వేసినంత మాత్రాన ఇల్లు పోదు. అదే కోడ్ 13వ సెక్షన్‌లోని అభ్యంతరాలు బాకీదారుకు అందుబాటులో ఉంటాయి. ఆ కోర్టుకు అధికార పరిధి లేదని, తీర్పు పూర్వాపరాలు విచారించి ఇచ్చింది కాదని, సహజ న్యాయం పాటించలేదని, మోసంతో సంపాదించిందని వాదించవచ్చు. నోటీసే అందకుండా ఎక్స్‌పార్టీగా, అంటే బాకీదారు హాజరు లేకుండా, వచ్చిన డిక్రీకి ఇక్కడ కష్టమే. డిక్రీ ఎంత పాతదన్నది కూడా ముఖ్యం. 44ఏ కింద అమలుకు గడువు ఆ పరాయి దేశపు చట్టాన్ని బట్టే ఉంటుందని బ్యాంక్ ఆఫ్ బరోడా, కోటక్ మహీంద్రా బ్యాంకుల మధ్య కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చిలో చెప్పింది. 1995లో వచ్చిన లండన్ డిక్రీని 2009లో అమలు చేయమని అడిగితే, అక్కడి ఆరేళ్ల గడువు ఎప్పుడో దాటిందని కొట్టేసింది. మన డిక్రీలకు ఉన్న 12 ఏళ్లు వాళ్లకు దక్కలేదు.

జప్తుకు కూడా హద్దులున్నాయి. కోడ్‌లోని 60వ సెక్షన్ రైతు ఉండే ఇంటిని, సేద్యపు పనిముట్లను, భవిష్యనిధిని (పీఎఫ్) కాపాడుతుంది. జీతంలో మొదటి వెయ్యి, మిగిలిన దాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. పొలానికి ఆ రక్షణ లేదు. ఇంకా పంచుకోని పిత్రార్జితంలో అతని వాటా కూడా జప్తుకు లోబడేదే. అన్నదమ్ములకు ఈ అప్పుతో ఏ సంబంధం లేకపోయినా, ఆ వాటా కోసం కోర్టు కాగితం ఉమ్మడి పొలం మీదికి రావొచ్చు. సంతకం పెట్టని భార్య, తండ్రి, అన్నదమ్ములు తమ ఆస్తి లోంచి పైసా కట్టక్కర్లేదు. వసూలు ఏజెంట్లు ఫోన్ చేసి 'మీ ఇంటిపేరు మీద కేసు' అని బెదిరించినా సరే. కట్టలేని మనిషిని అప్పు కోసం జైల్లో పెట్టకూడదని జస్టిస్ కృష్ణయ్యర్ 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో రాశారు. స్తోమత ఉండి, కట్టే మనసు లేని మనిషికే సివిల్ జైలు. డబ్బు డిక్రీ కోసం ఆడవాళ్లను అరెస్టు చేయడాన్ని కోడ్ ముందే నిషేధించింది. కువైట్ నుంచి అప్పులతో తిరిగొచ్చిన ఆడవాళ్లలో ఈ మాట తెలిసినవాళ్లు ఎందరో?

సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, బహ్రెయిన్ ఈ 44ఏ జాబితాలో లేవు. ఆ దేశాల బ్యాంకులు ఇక్కడ కొత్త దావా వేయాల్సిందే. కానీ మళ్లీ ఆ దేశం వెళ్దామనుకుంటే పాత కేసు ఎదురవుతుంది. అందుకే గల్ఫ్‌కు రెండోసారి వెళ్లేవాళ్లు ఏజెంటుకు డబ్బు కట్టకముందే తమ మీద కేసు ఉందో లేదో చూసుకోవాలి. దుబాయ్ పోలీసుల యాప్‌లోనూ, అబూధాబీలో ఎస్తఫ్సిర్ అనే సేవలోనూ దీన్ని చూసుకోవచ్చు.

అమెరికా కార్డు బాకీ

అమెరికా కూడా జాబితాలో లేదు, కెనడా, ఆస్ట్రేలియా లేవు. హెచ్-1బీ ఉద్యోగం పోయి 60 రోజుల గడువులో సామాన్లు సర్దుకుని వచ్చేసినవాళ్ల కార్డు బాకీ మీద అక్కడి కోర్టులో ఎక్స్‌పార్టీ తీర్పు రావొచ్చు. దాన్ని ఇక్కడ వసూలు చేయాలంటే తీర్పు వచ్చిన మూడేళ్లలోగా భారతీయ కోర్టులో కొత్త దావా వేయాలి. కొన్ని వేల డాలర్ల కోసం ఆ పని చేసేవాళ్లు అరుదు. అక్కడి క్రెడిట్ రిపోర్టులో మచ్చ సాధారణంగా ఏడేళ్లు ఉంటుంది. మళ్లీ వీసా మీద వెళ్లినా పాత సోషల్ సెక్యూరిటీ నంబరే కాబట్టి, అద్దె ఇంటి దగ్గర్నుంచి ఆ చరిత్రే పలకరిస్తుంది. సిబిల్ స్కోరు అక్కడికి వెళ్లదు, అక్కడి స్కోరు ఇక్కడికి రాదు. 401కే అనే రిటైర్మెంటు పొదుపు మీద అప్పు తీసుకుని ఉద్యోగం పోయినవాళ్లు ఆ ఏడాది పన్ను రిటర్ను గడువులోగా తీర్చకపోతే, ఆ మొత్తం ఆదాయంగా లెక్కించి, పైన పది శాతం అదనపు పన్ను సాధారణంగా వేస్తారు. రూపాయల్లో సంపాదించి డాలర్ అప్పు తీర్చేవాళ్లకు మారకం రేటు ఇంకో వడ్డీ లాంటిది. 2014లో ఆరు లక్షలున్న పదివేల డాలర్లు 2024 చివరికి ఎనిమిదిన్నర లక్షలు.

సివిల్ అప్పు పాస్‌పోర్టు దాకా ఎలా పాకుతుందో కూడా చెప్పుకోవాలి. వ్యక్తిగత అప్పు ఒక్కదాని వల్ల ఎవరి పాస్‌పోర్టూ ఆగదు. ప్రభుత్వ బ్యాంకుల అధిపతుల కోరిక మీద లుక్ అవుట్ సర్క్యులర్లు (విమానాశ్రయంలో మనిషిని ఆపే ఆదేశాలు) ఇచ్చే పద్ధతిని బాంబే హైకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టేసింది కూడా. పాకే దారి చెక్కు. భారత్‌లో ఇచ్చిన చెక్కు తిరిగొస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అది ఇప్పటికీ క్రిమినల్ కేసే, శిక్ష రెండేళ్ల దాకా. చెక్కు పుచ్చుకున్నవాళ్లు పంపిన నోటీసు అందిన 15 రోజుల్లో కట్టకపోతే ఫిర్యాదు దాఖలవుతుంది. విదేశంలో ఉన్న మనిషికి సమన్లు తెలియవు, హాజరు కాడు, నాన్ బెయిలబుల్ వారంటు వస్తుంది. అప్పుడు సర్క్యులర్ అడిగేది పోలీసులు, బ్యాంకు కాదు. పెండింగ్ క్రిమినల్ కేసు కారణంగా పాస్‌పోర్టు ఇవ్వడం ఆగవచ్చు. విమానం ఎక్కేముందు ఎవరెవరి దగ్గర తన సంతకం చేసిన ఖాళీ చెక్కులున్నాయో రాసి పెట్టుకోవడం ఇందుకే అవసరం.

'ఐపీ (దివాలా పిటిషన్) పెట్టేసి వెళ్లిపోతే పోలా' అనే సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. మన జిల్లాల్లో మామూలు మనిషి దివాలాకు ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే దిక్కు. 2016 దివాలా కోడ్‌లో వ్యక్తుల భాగం, కంపెనీ అప్పులకు పూచీ పడ్డవాళ్లకు తప్ప, అమలు చేయలేదు. పాత చట్టం కింద ఐపీ పెట్టిన మనిషి తన ఆస్తినంతా కోర్టుకు అప్పగించాలి, పూచీదారు మాత్రం విడుదల కాడు.

బ్యాంకుతో మాట్లాడటానికి మంచి సమయం కిస్తీ ఆగకముందే. ఆగిన తర్వాత ఖాతా నిరర్థకం కాకముందు రుణ పునర్వ్యవస్థీకరణ, అంటే కిస్తీనో గడువునో మార్చమని అడగొచ్చు. ఇంకా ఆలస్యమైతే వన్ టైమ్ సెటిల్‌మెంట్, అంటే తగ్గించిన మొత్తం ఒకేసారి కట్టి తెంచుకోవడం. సెటిల్‌మెంట్ చేసుకుంటే సిబిల్‌లో 'సెటిల్డ్' అని పడుతుంది, 'క్లోజ్డ్' అని కాదు. అయినా తండ్రి ఇల్లు పోవడం కంటే అది నయం. గల్ఫ్ బ్యాంకు బేరానికి వస్తే ఒప్పందం కాగితం మీద తీసుకోవాలి, హామీ చెక్కు వెనక్కి తీసుకోవాలి, బాకీ లేదన్న పత్రం తీసుకోవాలి. అప్పటికే డిక్రీ అయి ఉంటే ఇంకో మెట్టు ఉంది. కోర్టు బయట కట్టిన సొమ్మును 30 రోజుల్లోగా కోర్టులో నమోదు చేయించమని బాకీదారు అడగాలి. అలా నమోదు కాని చెల్లింపును డిక్రీ అమలు చేసే కోర్టు లెక్కలోకి తీసుకోదని సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 21వ ఆర్డరు, 2వ రూలు చెబుతోంది. దుబాయ్ డిక్రీ అయితే ఆ నమోదు దుబాయ్ కోర్టులో కూడా జరగాలి. ఇక్కడి జిల్లా కోర్టు చూసేది అక్కడి కోర్టు ఇచ్చిన ధ్రువపత్రంలో ఎంతవరకు వసూలైందని రాశారో ఆ అంకెనే.